కర్త లేని వాక్యం

పత్రికాఫీసులో అంతర్జాతీయ పేజీ చూసేవాడికి ఇజ్రాయెల్, పాలస్తీనా గొడవలో పక్షమంటూ ఉండదు. రాత్రి పదకొండున్నరకల్లా పేజీ వదలాలన్నదొక్కటే బెంగ. ఏజెన్సీ వార్త ఇంగ్లిషులో వస్తుంది, తెలుగులోకి దించాలి. దించుతుంటే తెలుస్తుంది, జరుగుతున్న యుద్ధాలు రెండని. ఒకటి గాజాలో బాంబులతో. రెండోది ప్రపంచమంతటా వ్యాకరణంతో.

మా డెస్కులో కొత్తగా చేరిన కుర్రాడు ఓ రాత్రి ‘వెస్ట్ బ్యాంకులో సెటిలర్ల దౌర్జన్యం’ అని హెడ్డింగు పెట్టాడు. తెల్లారేసరికి కూకట్‌పల్లి నుంచి ఫోను. ‘ముప్పై ఏళ్ల కిందట గుంటూరు నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్నాం. ఏ బ్యాంకులో ఏం దౌర్జన్యం చేశామండీ?’ మర్నాటి నుంచి కుర్రాడు జాగ్రత్తపడి వెస్ట్ బ్యాంకును ‘పశ్చిమ తీరం’ చేశాడు. తీరం ఉన్నది గాజాకురా, ఇది జోర్డాన్ నదికి పడమటి గట్టు అన్నాను. ‘గట్టంటే పొలం గట్టు తగాదా అనుకుంటారేమో సార్’ అన్నాడు. అనుకోనీ, తప్పేం లేదన్నాను.

కాకపోతే పొలం గట్టు తగాదాకు మన దగ్గర సర్వేయరు వస్తాడు. అక్కడికి ఇంగ్లిషు మాస్టారు రావాలి. 1967 నవంబరు 22న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 242వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ ఏడాది జూన్ యుద్ధంలో ఆక్రమించిన ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలని అందులో ఓ ముక్క. ఇంగ్లిషు ప్రతిలో ‘ప్రాంతాలు’ అన్న మాట ముందు ‘ది’ లేదు. లేదు కాబట్టి అన్నీ వదలక్కర్లేదని ఇజ్రాయెల్. ఫ్రెంచి ప్రతిలో ఉంది కాబట్టి అంగుళం మిగలకూడదని అరబ్బులు. యాభై ఏళ్లు దాటినా ఆ ‘ది’ దొరకలేదు. ఆరో తరగతిలో ‘ఏ, యాన్, ది’ తప్పు రాస్తే మనకు అరమార్కు పోయేది. అక్కడ ఊళ్లకు ఊళ్లే పోతాయి. మన తెలుగులో ఆ ఆర్టికల్ బెడదే లేదు. తీర్మానం తెలుగులో రాసుంటే కొట్టుకోడానికి వేరే సాకు వెతుక్కోవాల్సొచ్చేది. వెతుక్కునేవాళ్లే లెండి.

2002లో ఇజ్రాయెల్ ఓ అడ్డు కట్టడం మొదలెట్టింది. ఆత్మాహుతి బాంబర్లను ఆపే ‘భద్రతా కంచె’ అంటుంది తను. కాదు, మమ్మల్ని విడదీసే ‘గోడ’ అంటారు పాలస్తీనియన్లు. కొన్నిచోట్ల ఎనిమిది మీటర్ల కాంక్రీటు, ఎక్కువ భాగం తీగ కంచె. కాబట్టి ఎవరికి కావలసిన ఫొటో వాళ్లకు దొరుకుతుంది. 2004లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ‘గోడ’ అన్న మాటే ఖాయం చేసి, ఆక్రమిత భూమిలో దాన్ని కట్టడం చట్టవిరుద్ధమంది. ఎందుకంటే ఆ అడ్డు 1949 నాటి యుద్ధ విరమణ గీత మీద బుద్ధిగా నడవలేదు, చాలాచోట్ల వెస్ట్ బ్యాంకు లోపలికి జరిగింది. ఆలివ్ తోట అవతల పడ్డ రైతు పర్మిట్ పట్టుకుని గేటు తెరిచే వేళ కోసం కాచుక్కూర్చోవాలి. గోడో కంచో తేల్చడానికి హేగ్ దాకా పోవాలా? చేను మేసింది కాబట్టి కంచేనని మన సామెత ఎప్పుడో తేల్చేసింది.

ఇక వచనాలు. 2023 అక్టోబరు 7న హమాస్ ఇజ్రాయెల్‌లోకి చొరబడి దాదాపు 1,200 మందిని చంపి, 251 మందిని ఎత్తుకుపోయింది. ఆ రోజే గాజా మీద బాంబులు మొదలయ్యాయి. ఇరవయ్యో రోజున, అక్టోబరు 26న, ఐరోపా సమాఖ్య 27 దేశాల నేతలు బ్రసెల్స్‌లో కూర్చుని గంటల తరబడి తలలు పట్టుకున్నారు. ‘మానవతా విరామం’ అనాలా, ‘విరామాలు’ అనాలా? ఏకవచనమైతే యుద్ధం ఆపెయ్యమన్నట్టుంటుందట. బహువచనమైతే కాసేపు ఆపి మళ్లీ కానివ్వొచ్చు. బహువచనమే నెగ్గింది. ఆ పూట గాజాలో రొట్టె కోసం క్యూలో ఉన్నవాళ్లు ఏ వచనంలో నిలబడ్డారో ప్రకటనలో లేదు.

మన వ్యాకరణంలో మహద్వాచకం, అమహద్వాచకం అని రెండున్నాయి. ఇజ్రాయెల్ పేరు పలికితే నోరు మైలపడుతుందనుకునేవాళ్లు దాన్ని దశాబ్దాలుగా ‘జియోనిస్టు ఎంటిటీ’ అంటున్నారు. అంటే ‘అది’. అక్టోబరు 9న ఇజ్రాయెల్ రక్షణ మంత్రి యోఆవ్ గాలంట్ గాజాకు కరెంటు, తిండి, ఇంధనం బంద్ అని చెబుతూ, తాము పోరాడుతున్నది మానవ మృగాలతో అన్నాడు. అంటే ‘అవి’. ఎదుటివాడిని ఒకసారి అమహత్తు చేసేస్తే ఆ తర్వాత ఏ క్రియ వాడినా చెల్లిపోతుంది.

అన్నిటికన్నా చిక్కు కర్తతోనే. అక్టోబరు 27న సమితి సర్వసభ్య సభకు జోర్డాన్ తెచ్చిన సంధి తీర్మానంలో హమాస్ పేరు లేదు. చేర్చాలని కెనడా సవరణ పెట్టింది. ఆ పేరు పెడితే ఇజ్రాయెల్ పేరూ పెట్టాల్సిందేనని పాకిస్తాన్ అడ్డుపడింది. సవరణ వీగిపోయి, తీర్మానం కర్త లేకుండానే నెగ్గింది. మన దేశం సవరణకు చెయ్యెత్తి, తీర్మానం దగ్గరికొచ్చేసరికి దించేసింది. టీవీ చర్చల్లోనూ ఇదే తంతు. ఒకాయన కథ 1948లో మొదలెడతాడు, ఇంకొకాయన 2023 అక్టోబరు 7 పొద్దున. ఎక్కడ మొదలెట్టినా ఇద్దరి వ్యాకరణమూ ఒకటే. మనవాళ్లను ‘చంపారు’, అవతలివాళ్లు ‘చనిపోయారు’. కర్మణి ప్రయోగం తెలుగుకు నప్పదంటూ మా పంతులుగారు, ‘చంపబడ్డారు’ అని రాస్తే ‘చంపినవాడేడిరా?’ అని చెవి మెలేసేవారు. ఆ చర్చలకు ఆయన్ని పిలవరు.

గాజా ఆరోగ్య శాఖ చనిపోయినవాళ్ల పేర్లు, వయసులతో జాబితాలు వేస్తుంది. 2025 జూలై ఆఖరుకి ఆ లెక్క 60 వేలు దాటింది. పేజీల కొద్దీ పేర్ల ఎదురుగా వయసు గడిలో సున్నా ఉంటుంది. హమాస్ ఎత్తుకుపోయినవాళ్లలో అందరికన్నా చిన్నవాడికి తొమ్మిది నెలలు. 2025 ఫిబ్రవరిలో శవమై తిరిగొచ్చాడు. అరబ్బీలో గానీ హీబ్రూలో గానీ అచ్చులైనా పట్టుబడని వయసులవి.

మొన్న రాత్రి పదకొండూ ఇరవైకి మా కుర్రాడు ‘గాజాలో దాడి, పలువురి మృతి’ అని హెడ్డింగు తెచ్చి చూపించాడు. ‘దాడి చేసిందెవర్రా?’ అన్నాను.

‘సింగిల్ కాలమ్ సార్, పట్టలేదు.’

గడియారం చూశాను. పేజీ వదిలేశాం.