కాన్పు కాలంలో కాలు కదపని భర్త

మీ ఆవిడ నెల తప్పిందా? శుభం. ఇక తొమ్మిది నెలలూ మీ మీద ఏ పనీ పడకుండా కాచుకోవాలి. ఇలా చేయండి.

1. తొలి కాన్పు పుట్టింట్లోనే అని పెద్దలు ఏనాడో తేల్చేశారు. ఆ ఒక్క ఆచారాన్నీ ప్రాణంలా పాటించండి. సీమంతం కాగానే చేతినిండా గాజులతో బస్సెక్కించండి. ఖర్చు మామగారిది, చాకిరీ అత్తగారిది, తండ్రి హోదా మీది.

2. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. తేదీ ముందే తెలుసు కాబట్టి ఆ రోజుకు ఆఫీసులో అర్జంటు పని పుట్టించండి. ఐరన్ మాత్రలు 180 రోజులు వేసుకోవాలట. గుర్తుచేసే పని మీకు చుట్టుకుంటుంది, విననట్టే ఉండండి.

3. అర్ధరాత్రి ఫోన్ మోగి "నొప్పులొస్తున్నాయండీ" అంటే తొణకకండి. "దొంగనొప్పులేమో" అనండి. ఇంత పనికొచ్చే మాట మరోటి లేదు. అసలు నొప్పులైతే ఒక లెక్కన వస్తాయి, రానురాను దగ్గరపడతాయి, బలపడతాయి. గడియారం చూసి లెక్కపెట్టమని ఆమెకే చెప్పి పడుకోండి. తొలి కాన్పు పన్నెండు గంటలు దాటినా దాటుతుంది, ఈలోగా మీ నిద్ర పూర్తవుతుంది. ఉమ్మనీరు పోయిందంటే మాత్రం ఈ మాట చెల్లదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అందుకే 108కి ఫోన్ చేసే బాధ్యత బావమరిదికి ముందే అప్పగించి ఉంచండి.

4. రక్తం కావాలంటే "మొన్ననే జ్వరం తగ్గింది" అనండి.

5. ఆపరేషన్ అంటే పంచాంగం తీయండి. నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం అంటూ నలుగురు సిద్ధాంతులతో ఫోన్లో మాట్లాడుతూ వరండాలో తిరగండి. అందరికంటే ఎక్కువ కష్టపడుతున్నది మీరే అనిపిస్తుంది. మందులచీటీ పట్టుకుని పరుగెత్తమని ఎవరూ అనరు.

6. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే 15 రోజుల పితృత్వ సెలవుంది. కాన్పయ్యాక ఆరు నెలల్లోపు వాడుకోవచ్చు. పురిటి రోజుల్లో తగలేయకండి, క్రికెట్ సిరీస్‌కు దాచండి.

7. ఇరవై ఒకటో రోజు బారసాలకు పట్టుపంచెతో దిగండి. బియ్యంలో పేరు రాసేది మీరే, ఫొటోలో ముందుండేదీ మీరే. మీ ఆవిడ బిడ్డ టీకాల సంగతి మీతో కాక తమ్ముడితో మాట్లాడుతోందంటే మీ కృషి ఫలించినట్టే. ఇక ఏ రాత్రీ మిమ్మల్ని ఎవరూ లేపరు. వెళ్లి మొదటి పంక్తిలో కూర్చోండి.