బ్రోషరు వాక్యానికి టీకా తాత్పర్యము

మూలము: "నగర హృదయంలో, నూరు శాతం వాస్తుతో, సముద్రపు గాలి పలకరించే సువిశాల సమకాలీన నివాసములు."

అవతారిక: నెల్లూరు మూలాపేటలో పాత మిద్దె ఒకటి పడగొట్టి, ఆ చోట అయిదంతస్తులు లేపుతున్న ఒకానొక బిల్డరు కృతి ఇది. కర్త పేరు వద్దు, శైలి అందరిదీ ఒకటే. మూలంలో లేనిదీ, అక్కరలేనిదీ రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన ముందున్నది కాళిదాసు గనక చెల్లింది. మూలమే అక్కరలేనిదైతే వ్యాఖ్యాత గతేమిటి?

టీక: 'నగర హృదయము' సుగమము. 'సమకాలీన' అనగా ముందువైపు అద్దాలు అతికించినది. 'నూరు శాతం వాస్తు' అనగా ఆగ్నేయాన పొయ్యి పెట్టారు, పొగ పోయే దారి పెట్టలేదు.

'సముద్రపు గాలి' దగ్గర కాస్త ఆగాలి. గంగలో గొల్లపల్లె ఉందంటే, పల్లె నీళ్ళలో ఉండదు గనక, గట్టున ఉందని లక్షణావృత్తితో సర్దుకోమన్నారు ఆలంకారికులు. మైపాడు తీరం ఇక్కడికి 20 కిలోమీటర్ల పైమాటే. లక్షణ అంతదూరం సాగదు. అయినా బిల్డరు అబద్ధమాడాడనలేం, వేసవిలో పొద్దు వాలేవేళకు ఆ గాలి నిజంగానే ఊళ్ళోకి వస్తుంది. అంత దూరమూ వచ్చి, చివరి మూడడుగులే రాలేక ఆగిపోతుంది. పడకగది కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంటు గోడ. చెయ్యి చాపితే వాళ్ళ బాత్రూము వెంటిలేటరు. వాక్యానికి అర్థం కుదరాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలంటారు. ఇక్కడ ఆకాంక్ష కొనేవాడిది, యోగ్యత బ్యాంకు తేలుస్తుంది, సన్నిధి పక్క గోడది.

గాలి వచ్చే దిక్కునుంచే ఎండా, వానా వస్తాయని గ్రహించి ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా బొంబాయి కాంచనజంగ అపార్ట్‌మెంట్లలో గదుల ముందు లోతైన వరండాలు పెట్టాడు. 1983 నాటికే అది పూర్తయింది. మనకేమో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. బాల్కనీకి గ్రిల్లు బిగించి దండెం కట్టడమే మన డిజైను. కార్తీకంలో ఆ బట్టలు ఆరవు.

విశేషము: పడగొట్టిన మిద్దెకు అరుగుండేది. మూలంలో దీని ప్రసక్తి లేదు, దీన్ని అప్రస్తుత ప్రశంస అనుకున్నా సరే. అరుగు మీద హక్కు ఇంటివాడిది, అనుభవం వీధిది. బొమ్మిడాయిల గంప దించి, కొంగుతో విసురుకుంటూ చేపలమ్మే ఆమె బేరం మొదలెట్టేది అక్కడే. పేపరు చదివే తాతయ్య ఒకవైపు జరిగేవాడు. ఎండాకాలం రాత్రి గచ్చు మీద నీళ్ళు చల్లి పడుకుంటే ఫ్యాను గుర్తొచ్చేది కాదు. అక్కడ కూర్చున్నవాణ్ణి 'ఎవరు కావాలి?' అని ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడా చోట స్టిల్టు పార్కింగు. కారుకు నీడ దొరికింది, వాచ్‌మన్ సంసారానికి మెట్ల కింద చోటు దొరికింది. బ్రోషరులో అన్ని విశేషణాలుండగా ఆ సంసారానికి ఒక్కటీ దక్కలేదు.

ప్రకృతానికి వద్దాం. 'సువిశాల' అనేది సూపర్ బిల్టప్ ఏరియాకు పర్యాయపదం. మెట్లు, లిఫ్టు, కారిడారు అన్నీ అందులో మీవే, మంచం వేయడానికి మాత్రం పనికిరావు. 2016 నాటి రెరా చట్టం చెప్పే కార్పెట్ ఏరియా వేరు: బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ తీసేసి, లోపలి అడ్డుగోడలు కలిపి, మీరు వాడుకునే నేల. అయితే స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8 దాటకపోయినా ఆ చట్టం కింద రిజిస్ట్రేషను అక్కరలేదు. అంకణాల లెక్కన స్థలం కొని అడుగుల లెక్కన అమ్మే పాతపేటల చిన్న అపార్ట్‌మెంట్లకు ఆ సందు చక్కగా సరిపోతుంది.

తాత్పర్యము: కొనబోయేవారు బ్రోషరు పక్కన పెట్టి, మంజూరైన ప్లాను అడగండి. కార్పెట్ ఏరియా ఎంతో కాగితం మీద రాయించుకోండి. పడకగది కిటికీకీ పక్క గోడకూ మధ్య ఎన్నడుగులో టేపు పెట్టి కొలవండి. అడ్వాన్సు ఆ తర్వాతే.