రెండో పీట రాసిపెట్టి ఉన్న ఫోను

2011లో ఉగాది ఏప్రిల్ 4న వచ్చింది. పండక్కి కాస్త ముందు ఐడీసీ, పండగ వెళ్లిన మూడోనాడు గార్ట్‌నర్ అనే మార్కెట్ పరిశోధన సంస్థలు స్మార్ట్‌ఫోన్లకు పంచాంగం చదివాయి. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ రాశిఫలం అదిరింది. 2015 నాటికి మార్కెట్లో దాని వాటా 20.9 శాతమని ఒకరు, 19.5 అని ఇంకొకరు. ఆండ్రాయిడ్ తర్వాత రెండో పీట దానిదే, ఐఫోన్ మూడో పీటకు జరగాలి. గుళ్లో పంచాంగం చదివే సిద్ధాంతిగారు ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని ముక్కాలు పైసలు లేకుండా చెప్పి ఊరుకుంటారు పాపం. వీళ్లు చుక్క తర్వాతి అంకె కూడా చెప్పారు కాబట్టి ఇది శాస్త్రం. పైగా వినాలంటే డబ్బు కట్టాలి.

గణితం మాత్రం తేలికే. ఆ ఫిబ్రవరిలో నోకియా తన సింబియన్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను వదిలేసి మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపింది. ఇంకేముంది, సింబియన్ వాడేవాళ్లంతా పెట్టేబేడా సర్దుకుని విండోస్ ఫోన్‌కే వచ్చి పడతారని లెక్క కట్టారు. కొత్త ఫోను కొనేవాడు దుకాణంలో పక్క అరలోకి కూడా తొంగిచూస్తాడన్న సంగతి ఏ గడిలోనూ ఇమడలేదు కాబోలు. 2015 చివరి మూడు నెలల అమ్మకాలను అదే గార్ట్‌నర్ లెక్క పెడితే విండోస్ వాటా 1.1 శాతం తేలింది. మరుసటేడు అదే కాలానికి 0.3. చుక్క మాత్రం పదిలంగా ఉంది.

జోస్యం చెప్పినవాళ్లనే అని లాభం లేదు. యజమాని ఇంకా ఘనుడు. 2007లో ఐఫోన్ పేరెత్తగానే అప్పటి మైక్రోసాఫ్ట్ సీఈఓ స్టీవ్ బామర్ కెమెరా ముందే పగలబడి నవ్వాడు, 500 డాలర్లా, కీబోర్డయినా లేదే అని. 2010 సెప్టెంబరులో విండోస్ ఫోన్ 7 తయారైన సంబరంలో రెడ్‌మండ్‌లోని మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు ఐఫోన్‌కూ బ్లాక్‌బెర్రీకీ ఉత్తుత్తి శవయాత్ర తీశారు. శవవాహనం కూడా పెట్టారు. ఒక్క ఫోనూ అమ్మకముందే ఎదుటివాడి దినం చేసేసిన కంపెనీ వ్యాపార చరిత్రలో ఇంకొకటి ఉంటే చెప్పండి.

నిజానికి సరుకు మంచిదే, ఆ మాట దాచుకోనక్కర్లేదు. పదివేల చిల్లరకు దొరికిన నోకియా విండోస్ ఫోన్ లూమియా 520 అరజీబీ ర్యామ్‌తోనే చకచకా కదిలేది. ఆ ధరలో ఆండ్రాయిడ్‌లు కాంటాక్టుల జాబితా తెరవడానికే ఆయాసపడుతున్న రోజులవి. విండోస్ ఫోన్ పీక నొక్కడంలో గూగుల్ ఒక చెయ్యి వేసింది. మైక్రోసాఫ్ట్ తనే రాసుకున్న యూట్యూబ్ యాప్‌ను 2013లో గూగుల్ రెండుసార్లు ఆపించింది. మిగతా పనంతా ఇంట్లోవాళ్లే చూసుకున్నారు.

ఎలాగో ఒక్క ఫోను సంగతిలోనే చూడొచ్చు. 2012 ఏప్రిల్‌లో అమెరికాలో లూమియా 900ను బాజాభజంత్రీలతో దించారు. నోకియాకు పూర్వవైభవం తెచ్చేది ఇదేనన్నారు. జూన్ 20న విండోస్ ఫోన్ 8ను ప్రకటిస్తూ, పాత ఫోన్లకు అది రాదని చల్లగా చెప్పారు. లోపలి కెర్నల్ వేరట, పాతది విండోస్ సీఈ, కొత్తది ఎన్‌టీ. కొన్నవాడు ఇంకా స్క్రీన్ గార్డు కూడా మార్చలేదు, ఫోను అప్పుడే పాతదైపోయింది. మరుసటి నెల దాని ధర సగానికి కోశారు. ముందే కొన్న అమాయకులకు ఓదార్పుగా 7.8 అని ఒకటి ఇచ్చారు. అందులో గొప్ప విశేషం, హోమ్ స్క్రీన్ మీద టైళ్లను చిన్నవీ పెద్దవీ చేసుకోవచ్చు. భవిష్యత్తు లేకపోతేనేం, చతురస్రాలున్నాయి కదా.

యాప్‌లు రాసేవాళ్ల గోడు వేరు. 7కు ఒక పద్ధతిలో రాయమన్నారు, 8.1కి ఇంకో దారి చూపించారు, 10కి మళ్లీ మొదటికి రమ్మన్నారు. ఒకే తప్పు మూడుసార్లు చేయడానికి ఎవడికి ఓపిక ఉంటుంది? ఇన్‌స్టాగ్రామ్ 2013 నవంబరులో వచ్చింది, అదీ బీటాగా. జనం లేరని యాప్‌లు రాలేదు, యాప్‌లు లేవని జనం రాలేదు. ఉన్న నలుగురు జనాన్నీ కంపెనీయే రెండేళ్లకోసారి బయటికి నెడుతూ వచ్చింది.

రెండో నెట్టుడు మరీ ముచ్చటైనది. విండోస్ ఫోన్ 8 లూమియాలన్నిటికీ విండోస్ 10 ఇవ్వాలన్నదే తమ ఉద్దేశమని 2014లో చెప్పారు. ఉద్దేశమన్నారు, హామీ అన్నారా? 2016 మార్చిలో జాబితా వచ్చేసరికి అందులో 520 లేదు, ఎగబడి కొన్న 920 లేదు, కెమెరా కోసం జనం మోజుపడ్డ 1020 కూడా లేదు.

ఈలోగా నోకియా ఫోన్ల వ్యాపారాన్ని దాదాపు 720 కోట్ల డాలర్లకు కొన్నారు. 2015లో ఆ కొనుగోలు కింద 760 కోట్ల డాలర్లు రద్దు పద్దులో రాశారు. కొన్న ధరకంటే పోయింది ఎక్కువ! దాంతోపాటు 7,800 ఉద్యోగాలు. ఆ పద్దు రాయించినాయన మన హైదరాబాదీయే. 2014లో సత్య నాదెళ్ల సీఈఓ అయినప్పుడు ఇక్కడ మనమంతా గర్వంతో ఉప్పొంగిపోయాం. ఆ సంతోషంలో కొన్న విండోస్ ఫోన్లు మాత్రం ఎవరి చేతిలోనూ కనబడలేదు. నోకియాను కొనడం తనకు మొదటినుంచీ ఇష్టం లేదని ఆయన పుస్తకంలో రాసుకున్నారు. ఫోన్లను వదులుకున్న తీరు మీద 2023లో విచారపడ్డారు. అంటే కొన్నందుకూ, వదిలేసినందుకూ కూడా ఆయన్ను తప్పుపట్టే వీల్లేదు.

2019 జనవరిలో కంపెనీ సపోర్టు పేజీలో వినియోగదారులకు ఒక సలహా పెట్టారు: ఆండ్రాయిడ్‌కో ఐఫోన్‌కో మారిపోండి. తొమ్మిదేళ్లలో ఆ ఫోన్ల గురించి కంపెనీ ఇచ్చిన అత్యంత నిజాయతీ గల అప్‌డేట్ ఇదే. ఆ ఏడాది డిసెంబరు 31తో వాట్సాప్ కూడా తప్పుకుంది.

తన సలహాను కంపెనీ తనే పాటించింది. 2020 సెప్టెంబరు 10న సర్ఫేస్ డుయో పేరుతో రెండు తెరల ఆండ్రాయిడ్ ఫోన్ అమ్మకానికి పెట్టింది, 1,399 డాలర్లకు. ఆండ్రాయిడ్ 11 అదే నెలలో లోకానికి వచ్చింది, డుయోకు 2022 జనవరిలో చేరింది. మూడేళ్లు అప్‌డేట్లిస్తామన్న మాట మాత్రం ఈసారి తప్పలేదు. 2023 సెప్టెంబరు 10న, తేదీ కూడా తప్పకుండా, దుకాణం కట్టేశారు.