గుంయ్‌కారానికి టీకా

మూలం: "ఏవయ్యా, పాట ఆపినా గుంయ్‌మంటానే ఉందిగా!"

అవతారిక. ఈ వాక్యం ఏ తాళపత్రంలోనూ దొరకదు. నరసరావుపేటలో కొత్త హారన్ స్పీకర్లు దిగిన ఏ ఇంట్లోనైనా, వీధి సద్దుమణిగాక పుట్టే అవకాశం ఉంది. చెప్పేది ఇల్లాలు, వినేది డబ్బు కట్టినవాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని కోలాచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు మొదటిది పాటిస్తాడు, రెండోదానికి హామీ ఇవ్వడు.

ప్రతిపదార్థం. పాట ఆపినా: అంటే తప్పు గాయకుడిదీ కాదు, రికార్డింగుదీ కాదు. గుంయ్: సెకనుకు 50 సార్లు ఊగే మన ఇంటి కరెంటే స్పీకరు నోట పలికిన రూపం. అంటానే: తెంపు లేకుండా. ఉందిగా: ఇందులో 'ఉంది' వాచ్యం, 'గా' వ్యంగ్యం. కావ్యానికి ఆత్మ ధ్వని అని ఆనందవర్ధనుడు అన్నాడు. ఆ ధ్వని మొత్తం ఇక్కడ ఈ ఒక్క అక్షరంలో ఉంది: "అన్ని వేలు పోసింది ఇందుకా?" ఏ టెస్టరూ దీన్ని పట్టలేదు.

పాఠాంతరాలు. మాచర్ల ప్రతిలో 'బుర్‌ర్' అనీ, గురజాల ప్రతిలో 'సుయ్' అనీ ఉందనుకుందాం. అర్థాలు వేరు, మందులూ వేరు. బుర్‌ర్ 100 హెర్ట్జ్, దాని పైమెట్లు. పాత యాంప్లిఫయర్‌లో ఏసీని డీసీగా మార్చేచోట కెపాసిటర్లు ఎండిపోయినా వస్తుంది, మెట్లు లేకుండా తిప్పే ఫ్యాను రెగ్యులేటరు కరెంటును ముక్కలుగా కోస్తున్నా వస్తుంది. ఫ్యాను ఆపగానే మోత ఆగితే దొంగ దొరికినట్టే. సుయ్ సంగతి చివర్లో.

పూర్వపక్షం: స్పీకరు చెడిపోయింది, షాపులో తిరిగిచ్చెయ్. పక్కింటివాళ్ల మతం ఇది.

సిద్ధాంతం: స్పీకరు నిర్దోషి. ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే మామూలు చిన్న స్పీకరు 87 డెసిబెల్స్ దగ్గర పలుకుతుంది. హారన్ రకాలు 97 దాటతాయి. ఆ పది డెసిబెల్స్ తేడా వల్ల, అక్కడ పది వాట్లు చేసే పని ఇక్కడ ఒక్క వాటే చేస్తుంది. పాల్ క్లిప్ష్ 1946లో అమెరికాలో కంపెనీ పెట్టి అమ్మిన, గది మూలలో నిలబెట్టే హారన్ స్పీకరు 100 కూడా దాటింది. ఇంత చురుకైన స్పీకరుకు పాటా మోతా ఒకటే. యాంప్లిఫయర్ ఎన్నాళ్లనుంచో గొణుగుతూనే ఉంది. పాత స్పీకర్లు మింగేసేవి, ఇవి బయటపెట్టాయి.

ఇక పరీక్ష. వాల్యూమ్ సున్నాకు దించాలి. గుంయ్ ఏమాత్రం మారకపోతే జబ్బు నాబ్‌కు అవతల, యాంప్లిఫయర్ కడుపులో. తగ్గితే ఇవతల, వచ్చే వైర్లలో. అప్పుడు యాంప్లిఫయర్ ఆపి, వెనక వైరు ఒక్కటి పీకి, మళ్లీ ఆన్ చేసి వినాలి. ఓపిక లేనివాళ్లు ముందుగా సెట్‌టాప్ బాక్సుకు వీధిలోంచి వచ్చే కేబుల్ వైరు విప్పి చూస్తే సగం కేసులు అక్కడే తేలతాయని ఈ టీకాకారుడి గట్టి అనుమానం. ఇంటి ఎర్త్ ఒకటి, కేబుల్ మోసుకొచ్చే ఎర్త్ ఇంకొకటి. రెండింటికీ మధ్య కొద్ది మిల్లీవోల్టుల తేడా ఉన్నా చాలు, ఆడియో వైరు పైతొడుగు గుండా కరెంటు పారుతుంది.

ఇందులో పల్నాడు నేలకూ వాటా ఉంది. కింద నాపరాయి, పైన రెంటచింతల ఎండ. ఇల్లు కట్టినప్పుడు బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్త్ గుంతలో మళ్లీ చుక్క నీళ్లు పోసినవాడుండడు. వేసవికల్లా ఎర్త్ పేరుకే మిగులుతుంది. యాంప్లిఫయర్ ఇనప బాడీ తాకితే చెయ్యి జిల్లుమని, ఆ తాకుడికే గుంయ్ తగ్గితే అనుమానం అక్కర్లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించాలి, గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోయాలి.

పరిహారం ఈ గడ్డమీదే ఉంది. అన్ని కులాలనూ ఒకే బంతిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడులా టీవీ, సెట్‌టాప్ బాక్సు, యాంప్లిఫయర్ అన్నీ ఒకే బోర్డులో కూర్చోవాలి. టీవీ నుంచి ఆప్టికల్ వైరు వేస్తే ఇంకా మేలు, వెలుగు కరెంటును మోయదు. అదీ కుదరకపోతే ఆడియో లైన్లో చిన్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్.

"ఎర్త్ పిన్ను విరగ్గొట్టు, పోద్ది" అనే వాక్యం కొన్ని ప్రతుల్లో కనిపిస్తుంది. అది ప్రక్షిప్తం. ఒక్కోసారి గుంయ్ పోయే మాట నిజమే. కానీ లోపల వైరు తెగి బాడీకి తగిలిననాడు 230 వోల్టుల కరెంటుకు పోయే దారి ఉండదు, తాకినవాడి ఒళ్లు తప్ప.

గురజాల పాఠమైన సుయ్‌కి ఇంత ప్రమాదం లేదు. ట్వీటరుకు చెవి ఆనిస్తే ఏ యాంప్లిఫయర్ అయినా కాస్త సుయ్‌మంటుంది. కుర్చీదాకా వినిపిస్తేనే మందు. ప్రీ యాంప్లిఫయర్‌కూ పవర్ యాంప్లిఫయర్‌కూ మధ్య 10 డెసిబెల్స్ తగ్గించే అటెన్యుయేటర్ పెడితే, ప్రీ నుంచి వచ్చే సుయ్ అణుగుతుంది. నాబ్ కొంచెం కదిలిస్తేనే ఇల్లు దద్దరిల్లే బాధా తీరుతుంది.