కారు భయాన్ని పదిలంగా కాపాడుకోవడం ఎలా?

కారు నడపాలంటే భయమా? ఆ భయాన్ని పోగొడతామనే డ్రైవింగ్ స్కూళ్లు వీధికొకటి ఉన్నాయి. దాన్ని కలకాలం నిలబెట్టుకునే దారి చెప్పేవాళ్లే కరువయ్యారు.

ముందుగా కారుకు మంచి కవరు కొనండి. గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చాక (తెచ్చేది బావమరిది అయితే మరీ మంచిది) కవరు కప్పి సెల్లార్‌లో పెట్టేయండి. ఆదివారం తీద్దామనుకోండి. తీరా ఆదివారం వచ్చాక మబ్బు పట్టిందనో, వర్జ్యం ఉందనో వచ్చే వారానికి వాయిదా వేయండి. వేసిన మరుక్షణం ప్రాణం హాయిగా ఉంటుంది చూశారూ, మీ భయానికి అదే మేత. తప్పించుకున్న ప్రతిసారీ అది ఇంకాస్త ఒళ్లు చేస్తుంది. మానసిక వైద్యులు దీనికి అడ్డం పడతారు. ముందు కాలనీలోనే ఒక రౌండు వెయ్యి, అది అలవాటయ్యాక పాల ప్యాకెట్టుకు మెయిన్ రోడ్డు దాకా వెళ్లు, గుండెదడ వస్తే రానీ, కాసేపటికి అదే తగ్గుతుంది అంటారు. వాళ్ల మాట వింటే మీ భయం చిక్కి సగమైపోగలదు, జాగ్రత్త. పైగా కదలకుండా పడి ఉన్న బండికి బ్యాటరీ దిగిపోతుంది కనుక, కొన్నాళ్లకు వాయిదాకు కారణం వెతుక్కునే శ్రమ కూడా తప్పుతుంది.

ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. నెల దాటితే టెస్టుకు వెళ్లొచ్చు. వెళ్లకండి. గడువు తీరిపోయాక మళ్లీ కొత్తది తీసుకోండి.

ఇక గురువు. స్కూలు కారులో నేర్పేవాడి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. సగం బండి ఆయన కాళ్లే నడుపుతాయి, మనకేమో వచ్చేసిందనిపిస్తుంది. ఈ మాట మాత్రం వెటకారానికి అనడం లేదు, కోర్సు అయ్యాక సొంత కారెక్కితే అసలు సంగతి తెలుస్తుంది. అయినా భయం బాగా ముదరాలంటే స్కూలు చాలదు, ఇంట్లోవాళ్లే కావాలి. మీ ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయన వైపు బ్రేకు ఉండదు కనుక ఖాళీ మ్యాట్‌ని కాలితో తొక్కుతూ "బ్రేక్! బ్రేక్!" అంటారు. మలుపు దగ్గర హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యి వేసి ఉంచుతారు. ఇంటికొచ్చాక అత్తగారి ఎదుట మొత్తం మళ్లీ చెబుతారు.

హాఫ్ క్లచ్ మాత్రం పొరపాటున కూడా సాధన చేయకండి. ఎడమకాలు మెల్లగా వదులుతుంటే ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, స్టీరింగ్ చేతిలో సన్నగా వణుకుతుంది, బానెట్ కాస్త పైకి లేచినట్టవుతుంది. అక్కడ కాలు నిలిపి, యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి, హ్యాండ్‌బ్రేక్ దించితే ఎత్తు మీద కూడా బండి వెనక్కి జారదు. ఖాళీ గ్రౌండులో కాసేపు చేస్తే కాలికి తెలిసిపోతుంది. మీరు నేరుగా హైదరాబాద్ మెహిదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్ వే ఎక్కండి, అదీ ఆఫీసులు వదిలే వేళకి. 11.6 కిలోమీటర్లు, దిగే దారులు ఎక్కడో గాని లేవు, మధ్యలో మనసు మారినా వెనక్కి తిప్పడానికి లేదు. సీటు ముందుకు లాక్కుని, ఛాతీ స్టీరింగ్‌కు ఆనించి, ఊపిరి బిగబట్టి, ముందు కారు బంపర్ తప్ప మరేమీ చూడకండి. దూరంగా చూస్తే బండి తిన్నగా పోతుంది, చేతులు వదులవుతాయి, మొత్తం పాడైపోతుంది.

బండి ఆగిపోతే వెనక నుంచి వచ్చే హారన్లన్నీ మిమ్మల్నే తిడుతున్నాయని నమ్మండి. హైదరాబాద్‌లో సిగ్నల్ ఇంకా ఎర్రగా ఉండగానే వాటర్ ట్యాంకర్ హారన్ కొడుతుంది, ఎదుట ఎవరున్నా కొడుతుంది. ఆ సంగతి మీకు అనవసరం. ఆటో ఆయన తల బయటపెట్టి "అక్కా, ఫస్టు గేరెయ్!" అన్నాడనుకోండి, పాపం సాయం చేస్తున్నాడు, అయినా దాన్ని అవమానంగానే తీసుకుని రాత్రికి తలుచుకుని బాధపడండి. నిద్ర పట్టకపోతే ఫోన్లో ప్రమాదాల వీడియోలు చూడండి. ఆ రోజు క్షేమంగా ఇంటికి చేరిన కార్ల వీడియో ఎవరూ పెట్టరు కనుక లెక్క ఎప్పుడూ మీ భయం వైపే మొగ్గుతుంది.

ఆటోమేటిక్ కారు కొంటానని ఎవరైనా అంటే వారించండి. క్లచ్ గొడవ పోతే సగం భయం దానితోనే పోతుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి గండం తప్పదు. కూరలో ఉప్పెక్కువైందని పిల్లలతో వాదించుకుంటూ బేగంపేట దాటేశాక, మధ్యలో గేర్లు ఎప్పుడు మార్చారో గుర్తుండదు. వెంటనే కారు అమ్మకానికి పెట్టి క్యాబ్ బుక్ చేసుకోండి. వెనక సీట్లో కూర్చుని, ముందు సీటు గట్టిగా పట్టుకుని, ఇరవయ్యేళ్లుగా బండి నడుపుతున్న మనిషికి మీరే చెప్పండి: "బాబూ, థర్డ్‌లోకి దించు... బ్రేక్! బ్రేక్!"