ఒక బ్యాటరీ మాత్రం కాలతా ఉండాది: సటీక తాత్పర్యము

మూలము:
వరసలో ఒక బ్యాటరీ మాత్రం కాలతా ఉండాది,
ఎన్ని నీళ్లు పోసినా తాగతా ఉండాది.

అవతారిక: సోలార్ పెట్టుకున్న ఇంటాయన మెకానిక్కుకు ఫోనులో మొరపెట్టుకొనే ఈ రెండు పాదాల కర్త ఎవరో తెలియదు. భాషను బట్టి మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలో పుట్టినదనీ, అందులోనూ కర్ణాటక సరిహద్దున ఉన్న పెద్దతిప్పసముద్రం వైపు రేకుల షెడ్డులలో పారాయణ ఎక్కువనీ ఊహించుకోవచ్చు. దీనికి ప్రచారంలో ఉన్న వ్యాఖ్యానం ఒక్కటే: "బ్యాటరీ పోయినట్టేసా, కొత్తది వేసుకోండి." మూలం చదవకుండా చెప్పిన వ్యాఖ్యానమిది. కాళిదాసుకు టీక రాసిన మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి మరీ కలం పట్టాడు. ఆ కట్టుబాటుతో చూస్తే బ్యాటరీ చెడిపోయిందని మూలంలో ఎక్కడా లేదు. ఒకటి కాలుతోందని మాత్రమే ఉంది. కాలుతున్నదే దోషి అనడం వ్యాఖ్యాతల సొంత కవిత్వం. ఒక బ్యాటరీ కాక దాని ఒక్కదాని గుణం కాదు, దానికీ పక్కవాటికీ నడుమ ఏం జరుగుతోందో చెప్పే సాక్ష్యం అని ఈ టీక వాదం.

ప్రతిపదార్థము: వరసలో అనగా నేల మీద పక్కపక్కన. తీగలు ఎలా కలిపారో, సీరీస్‌లోనా ప్యారలల్‌లోనా, కవి చెప్పలేదు. అర్థమంతా అక్కడే దాగి ఉంది గనుక మళ్లీ వద్దాం. బ్యాటరీ అనగా 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచివాడు కనిపెట్టిన సీసం-ఆమ్లం పెట్టె. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా 1985 నుంచీ ఉన్నది కాబట్టి పాత చిత్తూరు జిల్లాకు అది పరాయి వస్తువేమీ కాదు. పన్నెండు వోల్టుల పెట్టెలో రెండేసి వోల్టుల సెల్లులు ఆరు. కాలతా ఉండాది అనగా చెయ్యి ఆనించి ఉంచలేకపోవడం. సుమారు 50 డిగ్రీల దగ్గర చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. లోపలి యాసిడ్ 50 డిగ్రీలు చేరితే ఛార్జింగ్ ఆపమనే తయారీదారులు సాధారణంగా చెప్పేది. ఛార్జింగ్‌లో కాలే పెట్టెకు పైడొప్ప కంటే లోపలి పలకలు వేడిగానే ఉంటాయి గనుక, చెయ్యి కాలేసరికే హద్దు దాటిందన్న మాట. ఇక మాత్రం. ఇది అవధారణార్థకం, తక్కినవి చల్లగా ఉన్నాయని ధ్వని. పాదం బరువంతా ఈ చిన్న పదమే మోస్తోంది.

శంక: ఎండాకాలం కదా, రేకుల కింద ఏదైనా కాలుతుంది, ఇందులో విశేషమేమిటి? దీనికి కొందరు ఎదురు జవాబు చెబుతారు: మదనపల్లె మెట్ట సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తున ఉంది, గాలి మంచిదనే కదా వందేళ్లకు పైగా కిందట ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి కట్టారు, ఇక్కడ ఎండేమిటి అని. రెండు మాటలూ పనికిరావు. రేకుల షెడ్డు కింద మే నెల మధ్యాహ్నం బ్యాటరీకి బాధే. పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడుతుందన్నది పరిశ్రమలో అందరూ ఒప్పుకున్న లెక్క. కానీ ఎండ పక్షపాతం చూపదు. ఒకే రేకు కింద నాలుగుంటే నాలుగింటినీ ఒకేలా కాలుస్తుంది. ‘మాత్రం’ అన్న మాట నిజమైతే ఎండ నిర్దోషి. నిజమో కాదో తేల్చడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. ఈ సీమలో పట్టుపురుగులు పెంచే ఇళ్లలో 24 నుంచి 28 డిగ్రీల మధ్య కాపాడటానికి థర్మామీటరు వేలాడుతూనే ఉంటుంది. పురుగుకు చేసిన మర్యాద యాసిడ్‌కూ చేసి, అదే థర్మామీటరును ఒక్కో పెట్టె పక్కకూ ఆనించి చూస్తే చాలు. అన్నీ ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఉంటే మూలం అబద్ధం. ఒకటి పది డిగ్రీలు ఎక్కువ చూపితే టీక ముందుకు సాగవచ్చు.

అన్వయము: ఇప్పుడు ‘వరసలో’ దగ్గరికి. రెండు పన్నెండు వోల్టుల పెట్టెలు సీరీస్‌లో ఉన్నాయనుకోండి. ఛార్జ్ కంట్రోలర్ మొత్తం 28.8 వోల్టుల దాకా తోసి అక్కడ నిలబెడుతుంది. దానికి మొత్తమే తెలుసు, వాటాలు తెలియవు. ఒకటి 15.6, రెండోది 13.2 పంచుకున్నా దాని లెక్క సరిపోయినట్టే. 15.6 దగ్గర ఉన్న పెట్టె ఉడుకుతుంది. ఎందుకు ఎక్కువ వాటా వచ్చింది? రెండు కారణాలుండవచ్చు. అది శక్తి తగ్గి తొందరగా నిండిపోయి ఉండాలి. లేదా పక్కదానిలో ఒక సెల్ షార్టై, దాని వంతు 2.4 వోల్టులు కూడా మిగిలిన పదకొండు సెల్లుల నెత్తిన పడి ఉండాలి. రెండో సందర్భంలో చెడినది చల్లగా కూర్చుంటుంది, మంచిది కాలుతుంది. చెయ్యి పెట్టి చూసే వైద్యుడు మంచిదాన్ని పీకేసి చెడినదాన్ని ఉంచి వెళ్తాడు. అదే ప్యారలల్‌లో అయితే కథ తిరగబడుతుంది. అక్కడ అన్నిటికీ వోల్టేజీ ఒకటే. షార్టైన సెల్ ఉన్న పెట్టె తక్కినవాటి నుంచి కరెంటు లాక్కుంటుంది. సూర్యుడు పోయాక, ప్యానెళ్లు పడుకున్నాక, రాత్రి పదింటికి కూడా కాలుతూనే ఉంటుంది. కాబట్టి రాత్రి కాకకూ పగటి కాకకూ అర్థాలు వేరు. ఛార్జింగ్ ఆపి, తీగలు విడదీసి, కొన్ని గంటలు ఊరకుండనిచ్చి మీటరు పెడితే నిండిన మంచి పెట్టె 12.6 పైన చూపుతుంది, సెల్ పోయినది పదిన్నర దగ్గర ఆగుతుంది. కాలుతూ ఎక్కువ వోల్టులు చూపేది బాధితుడు, కాలుతూ తక్కువ చూపేది దోషి అని స్థూలంగా చెప్పవచ్చు.

రెండో పాదము: దాహాన్ని జాలితో చదివేవారు ఎక్కువ. పాపం వేడికి ఆవిరైపోతున్నాయి, ఇంకో సీసా పోద్దాం అంటారు. పోసిన నీళ్లలో ఆవిరయ్యేది కొంతే. ఎక్కువ భాగం కరెంటుకు చీలి హైడ్రోజన్, ఆక్సిజన్‌గా మూతల్లోంచి పోతోంది. నిండాక కూడా తోసిన ప్రతి ఆంపియర్-గంటకూ ఒక్కో సెల్లులో గ్రాములో మూడో వంతు నీరు చీలుతుంది. ఆరు సెల్లులకు రెండు గ్రాములు. రోజుకు పది ఆంపియర్-గంటలు అదనంగా పోతుంటే నెలకు అరలీటరు దాటి ఖర్చు. అంటే నీళ్ల సీసా కూడా ఒక మీటరే, చదివేవాడుండాలి గానీ. బోరు నీళ్లు పోస్తే అందులోని ఉప్పులూ ఇనుమూ పలకలను తినేస్తాయి గనుక డిస్టిల్డ్ వాటరే పోయాలన్నది అందరికీ తెలుసు, అందరూ పాటించరు. దానికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది: ఆరు మూతల్లో ఏది తాగుతోంది, ఏది తాగడం లేదు? ఛార్జింగ్ చివర్లో మూతలు తీసి చూస్తే (బీడీ పక్కన పెట్టి, హైడ్రోజన్ గాలిలో నాలుగు శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది) ఐదింటిలో బుడగలు సుళ్లు తిరుగుతూ, ఒకదానిలో నీళ్లు కదలకుండా ఉండవచ్చు. ఐదూ నెలనెలా దాహమంటాయి, ఆరోది నీళ్లు అడగదు. ఇంట్లోవాళ్లు ఆ ఆరోదాన్ని బుద్ధిమంతురాలని మెచ్చుకుంటారు. షార్టైన సెల్ అదే. హైడ్రోమీటరు ముంచితే తక్కినవి 1.240 దగ్గర తేలుతుంటే అది 1.100 దగ్గరే కుంగిపోతుంది. మూలంలో ఆ సెల్ ప్రస్తావనే లేదు. అడగని దాన్ని గురించి ఎవరూ ఫోను చెయ్యరు మరి.

శంక: ఇంత తర్కం దేనికి, పాతదాన్ని తీసి కొత్తది వేస్తే పోదా? ఒకదాన్నే మారిస్తే పోదు. పాత పెట్టె పక్కన సీరీస్‌లో కొత్తది చేరితే, తక్కువ శక్తి మిగిలిన పాతది ముందే నిండి, కొత్తది నిండేదాకా ఉడుకుతూ కూర్చుంటుంది. ఆరు నెలలకు అదే పద్యం మళ్లీ వినిపిస్తుంది, ఈసారి వేరే పెట్టె మీద. నిజంగా సెల్ పోయి ఉంటే మార్చక తప్పదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మార్చవలసింది ఏదో తేల్చాక, వీలైతే వరస మొత్తం. మరొకరు, కుప్పం వైపు నడిమూరులో 2025 జనవరిలో మొదలైనట్టు ఇంటి కప్పు మీది సోలార్ నేరుగా లైనుకే కలిపే రోజుల్లో బ్యాటరీ టీకలు ఎవరికి కావాలంటారు. లైన్లో కరెంటు పోతే ఆ ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. స్తంభం దగ్గర పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం అలా పెట్టారు. చీకట్లో దీపం వెలగాలనుకున్నవాడికీ, స్తంభమే రాని చేను ఉన్నవాడికీ సీసం పెట్టె ఇంకా తప్పలేదు.

పాఠాంతరములు: కొన్ని ప్రతులలో ‘మాత్రం’ లేదు, "అన్నీ కాలతా ఉండాయి" అని ఉంది. ఇది వేరే పద్యమే. అప్పుడు అనుమానించవలసింది కంట్రోలర్‌ను. ఎండకు తగ్గట్టు వోల్టేజీ తగ్గించే సెన్సారు లేకపోతే, సెల్లుకు డిగ్రీకి నాలుగు మిల్లీవోల్టుల చొప్పున 40 డిగ్రీల దగ్గర 14.04కు దిగవలసింది 14.4 దగ్గరే నిలబడుతుంది. లేదా ప్యానెళ్లూ లైనూ ఒకేసారి ఛార్జ్ చేస్తూ, 15 ఆంపియర్లు చాలిన 150 ఆంపియర్-గంటల పెట్టెలోకి 35 తోస్తుండవచ్చు. "కొన మాత్రం కాలతా ఉండాది" అన్నది చిన్న పాఠం: నట్టు వదులు, లేదా తెల్లబూజు. వంటసోడా నీళ్లతో కడిగి, బిగించి, వ్యాజిలిన్ రాస్తే సరి. సీల్డ్ బ్యాటరీల ప్రతులలో రెండో పాదమే ఉండదు, నీళ్లు పోసే వీలు లేదు గనుక. వాటిలో ఆక్సిజన్ లోపలే తిరిగి కలిసి వేడి పుట్టిస్తుంది, వేడికి కరెంటు ఎక్కువ లాగుతుంది, ఆ కరెంటు ఇంకా వేడెక్కిస్తుంది. పక్కలు ఉబ్బి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంటే మీటరూ వద్దు, తర్కమూ వద్దు. ప్యానెళ్ల వైపు ఎంసీబీ దించి, లైను ఛార్జింగ్ కూడా ఆపి, తలుపులు బార్లా తీసి, పిల్లలను బయటికి పంపి, చల్లారేదాకా తీగ ముట్టకూడదు.