అంటించిన కవరులో నేను: ఒక సిఫారసు లేఖ ఆత్మకథ

నేను సిఫారసు లేఖను. తెలుగు పత్రికల్లో ఈ మాట కనబడగానే పాఠకులకు తిరుమల దర్శనం కోసం ప్రజాప్రతినిధులు ఇచ్చే ఉత్తరం గుర్తుకొస్తుంది. మా ఇద్దరి పేరూ ఒకటే గాని పుట్టుక వేరు. ఆ ఉత్తరానికి విలువ సంతకం చేసినవారి పదవి వల్ల వస్తుంది. పట్టుకెళ్లే మనిషిని వారు ఎరగకపోయినా పని జరుగుతుంది. నాకు విలువ రావాలంటే రాసిన గురువు ఆ విద్యార్థిని బాగా ఎరిగి ఉండాలి. ఇంకో తేడా కూడా ఉంది. ఆ ఉత్తరాన్ని తీసుకెళ్లేవారు చదువుకోవచ్చు. నేను ఎవరి గురించి పుట్టానో వారు మాత్రం నన్ను చదవకూడదు. కాగితాల కాలంలో నన్ను కవరులో పెట్టి, అంటించినచోట సంతకమో కాలేజీ ముద్రో వేసి ఇచ్చేవారు. ఇప్పుడు గురువే నన్ను నేరుగా విశ్వవిద్యాలయం వెబ్‌సైటులోకి ఎక్కిస్తున్నారు. కవరు పోయినా కట్టడి మిగిలింది. ఈ కట్టడి న్యాయమేనా అని అడిగితే అవుననే చెబుతాను, ఒక్క షరతు మీద. నాలో ఏముందో దాచే గురువు, నన్ను రాయడానికి ఒప్పుకునే ముందే విద్యార్థికి నిజం చెప్పి ఉండాలి. ఆ షరతు తప్పితే నా రహస్యానికి ధర్మం లేదు.

నా రహస్యం చట్టంలోకి ఎక్కింది అమెరికాలో. సెనేటర్ జేమ్స్ బక్లీ చొరవతో 1974లో అక్కడ విద్యా రికార్డుల చట్టం వచ్చింది. ఫెర్పా అని పిలుస్తారు. బడులూ కాలేజీలూ తమ గురించి ఏం రాసిపెట్టుకున్నాయో చూసే హక్కు దానివల్ల విద్యార్థులకు, చిన్నపిల్లలైతే తల్లిదండ్రులకు దక్కింది. అప్పుడే నా ప్రశ్న తలెత్తింది: ఎవరికీ చూపబోమన్న మాట మీద రాయించుకున్న లేఖల సంగతేమిటి? అదే ఏడాది డిసెంబరు 31న సవరణ జరిగింది. 1975 జనవరి 1కి ముందు ఫైలుకెక్కిన రహస్య లేఖలను చూపనక్కరలేదు. ఆ తర్వాతివాటిని చూసే హక్కును విద్యార్థి ఇష్టపడితే సంతకం పెట్టి వదులుకోవచ్చు. వదులుకుంటేనే సీటు ఇస్తామని కాలేజీ అనకూడదు. అడిగితే ఎవరెవరు రాశారో పేర్లు చెప్పాలి. రాయించుకున్న పనికి తప్ప మరో పనికి నన్ను వాడకూడదు. సీటు రానివారికి ఆ కాలేజీ ఫైలు మీద ఈ హక్కు లేనేలేదు, చేరినవారికే ఉంటుంది. ఈ నిబంధనలు జాగ్రత్తగా చదివితే ఒక సంగతి తేలుతుంది. ఈ చట్టం నా రహస్యాన్ని గురువుకు పుట్టుహక్కుగా ఇవ్వలేదు. విద్యార్థి తన హక్కు వదులుకుంటేనే అది గురువుకు దక్కుతుంది. పుచ్చుకున్నవారు దానికి రుణపడి ఉంటారు.

విద్యార్థి ఎందుకు వదులుకోవాలి? ఎదురుగా కూర్చుని చదివే మనిషి ఉన్నప్పుడు ఎంత నిక్కచ్చి మనిషి కలమైనా మెత్తబడుతుంది. 'మొదటి ఏడాది వెనకబడ్డాడు, రెండో ఏడాది తన లోపం తనే తెలుసుకుని తేరుకున్నాడు' అన్న వాక్యం ప్రవేశాల కమిటీకి ఎంతో విలువైనది. విద్యార్థి కంటబడితే అందులో మొదటి సగమే గుచ్చుకుంటుంది. ఆ భయంతో గురువు మొత్తం వాక్యాన్నే కొట్టేస్తారు. పైగా నాలో ఒక్కరి సంగతే ఉండదు. అమెరికాలో వెయ్యికి పైగా కాలేజీలు వాడే కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తులో టీచరు నింపే పట్టిక పోలికే అడుగుతుంది: ఈ విద్యార్థి సగటువారా, మంచివారా, మీ ఉద్యోగ జీవితంలో చూసిన బహు కొద్దిమందిలో ఒకరా అని. ఒకరిని పైన నిలబెట్టడమంటే మిగతావారిని కింద నిలబెట్టడమే. ఆ మిగతావారి మానమర్యాదలకూ నేను కాపలా కాయాలి. అందుకే నన్ను మూసి ఉంచడం మంచిదంటాను.

అయితే మూత వేసినంత మాత్రాన లోపల ఉన్నది నిజమైపోదు. అమెరికాలోని ఒక పెద్ద వైద్య కళాశాలలో అధ్యాపక ఉద్యోగాల కోసం వచ్చిన 300కు పైగా లేఖలను ఫ్రాన్సిస్ ట్రిక్స్, కరోలిన్ సెంకా పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. స్త్రీల గురించి రాసినవి సగటున పొట్టిగా ఉన్నాయి, అనుమానం రేపే మాటలు వాటిలో ఎక్కువగా ఉన్నాయి. హార్వర్డ్ ప్రవేశాల మీద నడిచిన దావాలో 2019లో తీర్పు చెప్పిన జిల్లా న్యాయమూర్తి అలిసన్ బరోస్ కూడా ఇలాంటి మాటే అన్నారు. ఆసియా అమెరికన్ విద్యార్థులకు వ్యక్తిత్వం కింద తక్కువ మార్కులు పడటానికి టీచర్లు, కౌన్సెలర్లు రాసిన లేఖలు కొంతవరకు కారణం కావచ్చన్నారు. అక్కడి తెలుగువారి పిల్లలూ ఆ లెక్కలోని వారే. చెడ్డ ఉద్దేశం లేకుండానే రాసినవారి అలవాటు మాటలు ఒకరి దారికి అడ్డుపడి ఉండవచ్చు. మూత కింద ఉన్నందువల్ల దెబ్బ తిన్నవారికి తెలియనూ లేదు, సరిదిద్దుకునే వీలూ లేదు.

మరి మూత తీసేయవచ్చుగా అని కొందరంటారు. తీస్తే అందరూ పొగడ్తలే రాస్తారని మరికొందరు బదులిస్తారు. ఆ బదులు నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. 1990లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కేసులో, వివక్ష ఫిర్యాదు విచారణకు తోటి అధ్యాపకుల రహస్య అభిప్రాయాలు ఇవ్వాల్సిందేనని అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. బయటపడవచ్చని తెలిస్తే కొందరు జంకినా, మరికొందరు తమ మాటకు ఉదాహరణలు జోడించి రాస్తారని కూడా అంది. మన దేశంలో 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వోద్యోగి రహస్య నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ ఆ ఉద్యోగికి తెలపాలంది. ఆయనకు పడింది చెడ్డ మాట కాదు, 'గుడ్' అన్న మాట. పదోన్నతికి 'వెరీ గుడ్' కావలసి రావడంతో ఆ మంచి మాటే ఆయనకు అడ్డమైంది. నా లోకంలోనూ అంతే; చప్పటి పొగడ్త తిట్టు కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. అలాంటప్పుడు నన్ను కూడా తెరవాలి కదా? ఇక్కడే తేడా ఉంది. ఉద్యోగి తన అధికారిని ఎంచుకోలేడు. విద్యార్థి నన్ను రాసేవారిని ఎంచుకోగలడు, రాయలేనని గురువు చెప్పగలరు. చూసే హక్కు చేయవలసిన పనిని ఈ ఎంపిక చేస్తుంది. కాని ఎంపిక నిజమైనది కావాలంటే గురువు ముందుగా నోరు విప్పాలి. 'నీ గురించి గట్టిగా రాయగలను', లేదా 'నాకు నువ్వు అంతగా తెలియవు, ఇంకొకరిని అడుగు' అని ముఖాముఖి చెప్పాలి. మొహమాటానికి సరేనని, చాటున చప్పగా రాస్తే, విద్యార్థి వదులుకున్న హక్కును దుర్వినియోగం చేసినట్టే.

మన దగ్గర నాకు పట్టిన జబ్బు ఇంకొకటి. ఈఏపీసెట్ (పూర్వపు ఎంసెట్) ర్యాంకుతోనో జేఈఈ ర్యాంకుతోనో ఇంజినీరింగులో చేరిన విద్యార్థికి ఎంఎస్ కోసం అమెరికాకు దరఖాస్తు పెట్టేదాకా నాతో పనే పడదు. అప్పుడు ఒక్కసారిగా రెండు మూడు లేఖలు కావాలి. 'రాసి తీసుకురా, సంతకం పెడతాను' అన్న మాట చాలా కాలేజీల్లో మామూలైపోయింది. నన్ను చూసే హక్కు వదులుకున్నానని గడిలో గుర్తు పెట్టిన విద్యార్థే నన్ను రాస్తే ఆ గుర్తు అబద్ధ సాక్ష్యం. ఒకే నమూనా నుంచి పది లేఖలు తయారైతే చదివే కమిటీ పదకొండో లేఖను, నిజంగా గురువు రాసినదాన్ని కూడా నమ్మదు. గురువులకు తీరిక లేదని, తరగతిలో అరవై మంది ఉంటారని, ఇంగ్లిషులో రాసే అలవాటు లేదని అంటారు. ఇబ్బందులు నిజమే. దానికి దారి కూడా ఉంది. చేసిన ప్రాజెక్టు, ల్యాబులో ఎదురైన చిక్కు, వైవాలో అడిగిన ప్రశ్న, తెచ్చుకున్న మార్కులు ఒక కాగితం మీద రాసి విద్యార్థి ఇవ్వవచ్చు. వాటిని చూసి గురువు తన అంచనా తానే రాయాలి. నాలుగు పేరాలు చాలు. వాక్యం సాదాగా ఉన్నా ఫరవాలేదు, అది ఆ గురువు వాక్యమైతే చాలు.

గురువులారా, నన్ను రాయలేనప్పుడు కాదనండి. ఆ మాట విద్యార్థికి ఒక్కరోజు బాధ. చప్పటి లేఖ ఏడాది నష్టం. రాస్తానన్నప్పుడు మీరు కళ్లారా చూసినదే రాయండి, ప్రతి విశేషణానికీ ఒక సంఘటన జోడించండి. విద్యార్థులారా, గడిలో గుర్తు పెట్టే ముందు గురువు దగ్గరికి వెళ్లి అడగండి: 'నా గురించి మంచి మాట గట్టిగా చెప్పగలరా, సార్?' అని. జవాబు తడబడితే ఇంకో గురువు తలుపు తట్టండి. నన్ను చదవకుండానే నమ్మేది మీరు. ఆ నమ్మకానికి తగ్గట్టు నన్ను రాయడం గురువు బాధ్యత.